గాలి పాఠాలు

కిందటి నెల ఆఫీసులో నాకు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. రెండో రోజుకే దాని ఫ్యాన్ గోల మొదలైంది. "కొత్తదే కదా, మార్చి ఇమ్మని అడుగు" అన్నాడు పక్క సీటతను. నేను కుడిచేతిని వెనక్కి తిప్పి, వేళ్ళ వెనకవైపు దాని అడుగున ఆనించి చూశాను. జ్వరం వచ్చిన పిల్లవాడి మెడకింద చూసినట్టు. వేడి ఎంతో అంకెల్లో చూపించే సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంది. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. చేతి వెనకవైపుతో ఉష్ణోగ్రత చూడమని మాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. ఆ అలవాటు నాది కాదు, వనపర్తిలో మా సోషల్ సారుది.

ఆయన పోయి అప్పటికి నలభై రోజులు కూడా నిండలేదు.

ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. ఏ ఊళ్ళో పుట్టారో, మొదటి పోస్టింగ్ ఎక్కడో ఎప్పుడూ అడగలేదు. తెలిసినవన్నీ చిన్న సంగతులు. నడిచేటప్పుడు ఎడమచేయి వెనక్కి పెట్టుకునేవారు, అందులో చాక్‌పీసు లేకపోయినా ఉన్నట్టే వేళ్ళు ముడిచి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు, మే నెలలో కూడా. పుస్తకం తెరిస్తే ఆయన నోట తెలుగు అచ్చులో ఉన్నంత శుభ్రంగా వచ్చేది. పుస్తకం మూయగానే మా అందరిలాగే పాలమూరు మాటకు దిగేవారు. ఇంట్లోకి వెళ్తే ఉర్దూ. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గదులు మారినంత తేలిగ్గా వెళ్ళేవారు.

తరగతిలో ఒక్క మాట మాత్రం ఆయన ముందు అనకూడదు. ఆటల పీరియడ్ తర్వాత ఎవరైనా బల్లమీద తల వాల్చి "అలసిపోయిన సార్" అంటే దగ్గరికి వచ్చి నిలబడేవారు.

"అలసుడు అన్నది సిలబస్‌ల లేదు బేటా. ఉంటే నేనే మొదలు నేర్చుకుంటుంటి."

మేం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవారు కాదు. పాఠం మొదలయ్యేది.

పాత బజారు వెనక సందులో ఆయన ఇల్లు. ఆ ఇంటికొక పద్ధతి ఉండేది: అక్షరం ఉన్న ఏ వస్తువునూ బట్ట లేకుండా ఉంచరు. పవిత్ర గ్రంథానికి పట్టు గలీబు ఉండటం ఎవరింట్లోనైనా మామూలే. ఆ ఇంట్లో స్కూలు అట్లాసుకూ గలీబు ఉండేది. నిఘంటువుకూ, రైళ్ళ టైంటేబుల్‌కూ ఉండేది. పాత న్యూస్‌పేపరు అలమరలో పరచరు, దానిమీద అన్నం పెట్టుకోరు. ఎవరైనా మిర్చిబజ్జీలు కాగితంలో కట్టి తెస్తే, బజ్జీలు పళ్ళెంలోకి వేసి, ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసి మడిచి పక్కన పెట్టేవారు. "నూనె అయింది కద సార్" అని నేనొకసారి అన్నాను. "నూనె అంటితే అక్షరం తప్పా?" అన్నారు.

ఆయన రిటైరైన రోజు పాత విద్యార్థులంతా కలిసి ఒక ల్యాప్‌టాప్ బహుమానం ఇచ్చారు. శాలువా కప్పి, దండ వేసి, దాన్ని చేతిలో పెట్టారు. ఆయన దాన్ని రెండు చేతులతో, పసిబిడ్డను అందుకున్నట్టు అందుకున్నారట. తర్వాత చాలాకాలం అది అలమరలోనే ఉంది. బయటికి రావడానికి కారణం ఆత్మకూరు అమ్మాయి.

ఆ అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చేసింది, బీఈడీ చేసింది, టీచర్ ఉద్యోగాల పరీక్షకు చదువుతోంది. ఈసారి రాకపోతే ఇక చాలు, ఇంటిపట్టున ఉండమని ఇంట్లోవాళ్ళు ముందే చెప్పేశారు. ఆ పరీక్షకు కావలసిన పుస్తకాలు తాకి చదువుకునే లిపిలో దొరకవు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఎవరు చెప్పారో ఏమో, ఒకరోజు బస్సెక్కి, దారి అడుక్కుంటూ సారు ఇంటికి వచ్చి, "సార్, మీరు చదివితే నేను నేర్చుకుంట" అందట. అప్పటినుంచి ఆయన పుస్తకాలు పైకి చదివి టేప్‌రికార్డర్‌లో నింపి ఆమెకు ఇస్తున్నారు. కొన్నాళ్ళకు వనపర్తిలో ఖాళీ క్యాసెట్లు దొరకడం మానేశాయి. ఉన్నవి అరిగిపోయాయి. దాంతో అలమరలోని ల్యాప్‌టాప్ దిగింది. అందులో చదివి, సీడీల్లోకి ఎక్కించి, ఆత్మకూరు పంపడం మొదలుపెట్టారు.

ఆ ఎండాకాలం నేను ఇంట్లోనే ఉన్నాను. ఇంజనీరింగ్ అయిపోయింది, కంపెనీ ఉద్యోగం ఇచ్చింది, చేరే తేదీ మాత్రం వాయిదా వేస్తూ పోతోంది. "కొలువు వచ్చింది అంటడు, పోనే పోడు" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఒక మధ్యాహ్నం సారే మా గడప ముందు నిలబడ్డారు, గుండీలు మెడదాకా పెట్టుకుని.

"ఇంజనీర్ సాబ్ ఉన్నడా?"

మా అమ్మ కంగారుగా కుర్చీ దులిపింది. ఆయన కూర్చోలేదు.

"నీ కొలువు ఇంక షురూ కాలేదంట గద. నా దగ్గర ఒక పేషెంట్ ఉన్నడు. జర వచ్చి చూడు."

పేషెంటు ఆయన మంచం మీద, దూదిపరుపు మధ్యలో ఉంది. దారిలోనే సంగతి చెప్పారు. ఆత్మకూరు అమ్మాయి సీడీలు తెచ్చి వెనక్కి ఇచ్చిందట. "పాఠంల గాలి వస్తున్నది సార్. వింటుంటే తలనొప్పి లేస్తున్నది. జర దాన్ని బాగు చేయించినంక చదువుండ్రి, తొందరేం లేదు" అందట.

"ఆ పిల్ల ఎప్పుడు దేనికి ఫిర్యాదు చెయ్యదు," అన్నారు సారు. "చేసిందంటే నిజమే అయ్యుంటది. తొందర లేదంటది గని, పరీక్ష ఆగుతదా?"

నాకు చూపించడానికి పుస్తకం తెరిచారు. నేలల పాఠం. మొదటి పేజీ బాగానే నడిచింది. రెండో పేజీలో ఫ్యాన్ సన్నగా లేచింది. ఆయన గొంతు కొంచెం పెంచారు. ఫ్యాన్ కూడా పెంచింది. నల్లరేగడి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ పోటీ పడుతున్నారు. ఎర్రనేలల దగ్గర తెర నల్లబడి, ల్యాప్‌టాప్ తనంతట తానే ఆరిపోయింది. చదివినదంతా పోయింది.

"చూసినవా? టేప్‌రికార్డర్ ఇన్నేండ్లు నోరు మూసుకొని విన్నది. వీడు వినుకుంట మాట్లాడుతడు. మనం జర గట్టిగ మాట్లాడితే అలుగుతడు."

చెయ్యి వెనక్కి తిప్పి దాని పక్కకు ఆనించారు. "జ్వరం," అన్నారు.

నా అలవాటు ప్రకారం జేబులోంచి కాగితం తీసి, ఉండగల కారణాలు ఒకదానికింద ఒకటి రాసుకున్నాను. వైరస్ వెతికే ప్రోగ్రాం వెనకాల నడుస్తూ ఉండవచ్చు. ప్రాసెసర్ అవసరానికి మించిన వేగంలో ఉండవచ్చు. గది వేడి. ఫ్యాన్‌లోనే లోపం. సారు నా భుజం మీదుగా తొంగిచూశారు.

"ఏం రాస్తున్నవ్?"

"కారణాలు సార్. కానివి కొట్టేసుకుంట పోతే మిగిలిందే అసలుది."

"మంచిగుంది. నాలుగు ఆప్షన్లల్ల సరైనది గుర్తించుము," అని కుర్చీలో కూర్చుని, పుస్తకంలో ఎర్రనేలల పేజీ వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటి నుంచి తనలో తాను చదువుకోసాగారు. రికార్డింగు లేకపోయినా ఊరికే ఉండటం ఆయనకు రాదు.

వైరస్ ప్రోగ్రాం ఆపాను. వేగం తగ్గించాను. తెర వెలుతురు తగ్గించాను. ఫ్యాన్ కొంచెం దిగింది, మళ్ళీ లేచింది. అడుగున చూద్దామని రెండు చేతులతో పైకి ఎత్తాను. ల్యాప్‌టాప్ కాదు, బొంత ఎత్తినట్టుంది. అప్పటిదాకా నా కంటికి అది పరుపులో భాగంలాగే కనపడింది. ఆకుపచ్చ శాటిన్ గలీబు. లోపల దూది పట్టించి, అంచుకు జరీ కుట్టి, ఛార్జర్‌కు ఒక జేబు కూడా పెట్టారు. మూత తెరుచుకునే వీలుంది. అడుగు, పక్కలు మాత్రం గుడ్డలోనే. గాలి పోయే సందులన్నీ ఆ దూది వెనకే ఉన్నాయి.

"సార్, ఇది ఎప్పుడూ ఇట్లనే ఉంటదా?"

"మరి? బట్ట లేకుండ ఎట్లుంచుత? దాంట్ల ఎన్ని పుస్తకాలు నింపిననో ఎరికేనా నీకు?"

వంటింటి గడప దగ్గర ఆయన భార్య నిలబడి ఉన్నారు. మేమంతా ఆమెను అమ్మ అనే పిలిచేవాళ్ళం. "నేనే కుట్టిన బిడ్డా. దుమ్ము పోవద్దని కింద సుత మూసిన. ఏమన్న తప్పైందా?"

ఆ జరీ అంచు చూస్తూ ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. "అమ్మా, దీనికి ముక్కు కిందుంటది," అన్నాను.

సారు ఒక క్షణం నన్ను చూశారు, గలీబును చూశారు. తర్వాత ఆయన అంత గట్టిగా నవ్వడం నేను మొదటిసారి విన్నాను.

"వారెవ్వా! అంటే మనం రోజు వీని ముక్కు మూసి సలాం కొడుతున్నం."

అమ్మ ముఖం చిన్నబోయింది. ఆయన అది గమనించి నవ్వు ఆపేశారు. గలీబును మెల్లగా విప్పి, మడతపెట్టి, ఆమె చేతికే ఇచ్చారు. "మర్యాద తప్పు గాదు. మర్యాద ఎప్పుడు తప్పు గాదు. చోటు తప్పింది, అంతే. పనిజేసేటప్పుడు విప్పుదాం, పండుకున్నప్పుడు కప్పుదాం. మనుషులకు సుత అంతే గద."

కింద గాలి ఆడాలంటే దాన్ని పరుపు మీదినుంచి తీసి కొంచెం ఎత్తులో పెట్టాలి. నేను తేలికైన ఉపాయం చెప్పాను. "నాలుగు మూలలకు నాలుగు పుస్తకాలు పెడదాం సార్."

ఆయన నన్ను తిట్టలేదు. తొమ్మిదో తరగతిలో తప్పు జవాబు చెప్పినప్పుడు చూసినట్టు చూశారు.

"ఇంజనీర్ సాబ్, పుస్తకానికి కాలు తగిలితే కండ్లకద్దుకుంటం. మిషన్ కింద పెడితే దేనికి అద్దుకుందాం?"

అలమరలోంచి రెహల్ తెచ్చారు. రెండు చెక్కలు కత్తెరలా తెరుచుకుని, పుస్తకం పెట్టుకుని చదవడానికి వాడే మడత పీట. పవిత్ర గ్రంథానిది వేరే ఉంది, దాన్ని ముట్టలేదు. ఇది అట్లాసు కోసం చేయించుకున్నది. "అట్లాసు జర పక్కకు జరుగుతది. దానికి కోపం రాదు," అన్నారు. రెహల్ రెండు అంచుల మీద ల్యాప్‌టాప్ అడ్డంగా, చక్కగా కూర్చుంది. కింద అంతా ఖాళీ. కాసేపటికి ఫ్యాన్ దిగింది. ఆయన చేతి వెనకవైపుతో చూసి, "చెమట పట్టింది, జ్వరం ఇడిసింది," అన్నారు.

చప్పుడు తగ్గింది కానీ పోలేదు. ల్యాప్‌టాప్‌లోనే ఉన్న మైకుతో రికార్డు చేస్తున్నారు, ఆ మైకు ఫ్యాన్ పక్కనే ఉంది. పాత టేప్‌రికార్డర్ మైకు ఇంకా పనిచేస్తోంది. పొడుగు వైరు తెచ్చి అతికించి, ఆ మైకును ఆయన కుర్చీ దగ్గర దోమతెర కర్రకు దారంతో కట్టాను. ల్యాప్‌టాప్‌ను గదికి అటు చివర, కిటికీ కింద పెట్టాం. అక్కడైతే కాస్త గాలి వస్తుంది. మిగిలిన చప్పుళ్ళు కూలరువీ, పైన తిరిగే ఫ్యానువీ. ఆయన లేచి రెండూ ఆపేశారు.

"సార్, ఉక్కపోతది."

"వానికి కిటికీ. నాకు గోడ. వాడు మెత్తటోడు, నేను పాలమూరోన్ని."

ఇక రోజూ మధ్యాహ్నం నేను అక్కడే. ఆయన రికార్డింగు చూడదగ్గ పని. సందులో స్కూటర్ వినిపిస్తే చూపుడువేలు లేచేది. నేను గట్టిగా ఊపిరి కూడా తీసుకోకూడదు. స్కూటర్ పోయేదాకా వేలు అలాగే ఉండేది, తర్వాత ఆగిన మాట నుంచి కాదు, ఆ వాక్యం మొదటి నుంచి మళ్ళీ అందుకునేవారు. వెనక వీధిలో పిండిగిర్ని నడిచినంతసేపు చదివేవారు కాదు. గిర్ని కరెంటు పోతే, "ఇప్పుడు, ఇప్పుడు!" అని పరుగెత్తినంత పని చేసేవారు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచేది. ఊళ్ళో అందరూ కరెంటు పోయిందని తిడుతుంటే, ఆ ఒక్క ఇంట్లో పండగ. మసీదు నుంచి అజాన్ మొదలవగానే పుస్తకంలో వేలు పెట్టి మూసేవారు.

పుస్తకంలో "పటము చూడుము" అని వస్తే ఆయన ఎప్పుడూ అలా చదివి వదిలేయలేదు. ఒకరోజు నదుల పాఠం వచ్చింది. పటం ఉన్న పేజీ దగ్గర ఆగి, పుస్తకం ఒళ్ళో బోర్లించి, కళ్ళు మూసుకున్నారు. మైకు వైపు వంగి, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు మాట్లాడారు.

"బిడ్డా, నీ కుడి చెయ్యి బల్ల మీద బోర్లిచ్చు. వేళ్ళు ఎడమ దిక్కు పోవాలె. చూపుడు వేలు కృష్ణ. బొటనవేలు తుంగభద్ర. రెండిటిని జర దూరం జరుపు. ఆ నడుమ సందు ఉన్నది చూడు, అది గద్వాల సీమ, నడిగడ్డ. రెండు వేళ్ళు కలిసే కాడ అలంపురం. ఆడికెల్లి రెండు ఒక్కటై నీ మణికట్టు దిక్కు పోతయి, శ్రీశైలానికి. మరి నీ ఊరేది? చూపుడు వేలికి అవతల, అంటుకొనే ఉన్నది ఆత్మకూరు. ముట్టి చూసినవా? నువ్వు నది ఒడ్డుకున్నవ్."

నేనెప్పుడు కళ్ళు మూసుకున్నానో, తెరిచి చూస్తే నా కుడిచెయ్యి కూడా బల్లమీద బోర్లా ఉంది. అదే పాఠం నేను తరగతిలో రంగుల పటంతో ఆయన దగ్గరే విన్నాను. ఆ రోజే నాకు పటం కనపడింది.

కొత్తగా చదివేవి సాఫీగా సాగుతుండగా, సారు ఒక నిర్ణయం చెప్పారు. గలీబు రోజుల్లో చదివిన పాఠాలన్నిటికీ ఆయన పెట్టిన పేరు గాలి పాఠాలు. అవన్నీ మళ్ళీ చదువుతానన్నారు. మొదటి నుంచి.

అమ్మ వేడినీళ్ళ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టారు. నేను వెళ్ళేటప్పుడు గడపదాకా వచ్చారు.

"పాలమూరుల గొంతు డాక్టర్‌కు చూపిచ్చినం బిడ్డా. గొంతు అరిగింది, మాటలు తగ్గించుండ్రి అన్నడు. ఈయన ఇంట్ల నాతోని మాట్లాడుడు తగ్గిచ్చిండు. పొద్దుగాల చాయ్ కావాల్నన్నా చేతితోనే చెప్తడు. మిగిలిచ్చిన మాటలన్ని దాంట్ల పోస్తుండు. నువ్వన్న చెప్పు."

మర్నాడు చెప్పాను. "సార్, ఆ పాఠాలు మరీ అంత పాడుగా లేవు. వినొచ్చు."

"నువ్వు వినొచ్చు. నీకు కండ్లున్నయి. చెవికి కష్టమైతే పుస్తకం తెరుస్తవ్. ఆ పిల్లకు చెవే పుస్తకం. అక్షరం మీద ఇంత దుమ్ము ఉంటే నేను ఇస్తనా?"

"కొద్దిరోజులు ఆగి చదువుండ్రి మరి. అలసిపోతరు."

ఆ మాట అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆయన నన్ను చూసి, వేలు ఎత్తి, సిలబస్ పుస్తకం వైపు చూపించారు. మాట ఖర్చు పెట్టలేదు.

గాలి పాఠాల్లో చాలావరకు మళ్ళీ చదివారు. చివరివి కొన్ని మిగిలిపోయాయి, పరీక్ష దగ్గరపడింది. ఆ చివరి వారాల్లో ఒక పేజీకి, ఇంకో పేజీకి మధ్య నీళ్ళు గుటకవేసేవారు. గొంతు పలచబడింది, చదివే తీరు మారలేదు. కామా దగ్గర కామా అంత, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్ అంత ఆగేవారు. పాత సీడీలూ కొత్త సీడీలూ కలిపి తనే బస్సులో ఆత్మకూరు తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు.

తర్వాత నాకు కంపెనీ పిలుపు వచ్చి హైదరాబాద్ వెళ్ళిపోయాను. కొన్ని నెలలకు ఒక ఫోను.

"ఇంజనీర్ సాబ్, మన పిల్ల టీచర్ అయింది. పెబ్బేరు దిక్కు స్కూలు."

ఇసుక మీద చెప్పు రాసినట్టుంది గొంతు. ఇంకేమైనా అంటారేమోనని ఆగాను. అంతే చెప్పి పెట్టేశారు. మాటలు లెక్కగా వాడటం అలవాటైపోయిందేమో.

ఆయన పోయారని తెలిసి వెళ్ళినప్పుడు, నేను అడగకముందే అమ్మ చెప్పారు. "గొంతుతోని కాదు బిడ్డా. గుండె. పగటి అన్నం తిని పండుకుండు, లేవలే." ల్యాప్‌టాప్ అలమరలో అట్లాసు పక్కన, ఆకుపచ్చ గలీబులో ఉంది. పాఠాలన్నీ నేను నకలు చేసుకున్నాను. ఉప్పునుంతలలో చూపులేని అబ్బాయి ఒకడు ఇప్పుడు అదే పరీక్షకు చదువుతున్నాడని చెప్పి, అతనికి సారు పాఠాలు పంపమని ఆత్మకూరు అమ్మాయి అడిగింది. తన సీడీలన్నీ గీతలు పడిపోయాయట. మిగిలిపోయిన గాలి పాఠాల్లోంచి చప్పుడు తీసేసి పంపుతానని మాట ఇచ్చి, హైదరాబాద్ వచ్చి, పనిలో పడిపోయాను. కొత్త ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోగిన రోజు అది గుర్తొచ్చింది.

చప్పుడు తీసే సాఫ్ట్‌వేర్‌కు ముందుగా ఒక నమూనా ఇవ్వాలి. ఫ్యాన్ చప్పుడు తప్ప మరేమీ లేని ఒక ముక్క ఎంచి చూపించాలి. "ఇది చప్పుడు, మిగిలినది మనిషి" అని దానికి చెప్పడం అన్నమాట. ఆ ముక్క కోసం వెతికాను, దొరకలేదు. ఆయన ఆగిన ప్రతిచోటా ఆయనే ఉన్నారు. పేజీ తిప్పిన చప్పుడు, గుటక, గొంతు సవరింపు. గ్లాసు పెడుతున్న అమ్మ గాజులు. ఏ ఖాళీ కూడా ఖాళీ కాదు.

చివరికి ఒక ఫైలు చివరి భాగంలో దొరికింది. పాఠం మధ్యలో దూరంగా అజాన్. పుస్తకం మూసిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు. ఆయన నమాజుకు వెళ్ళారు, రికార్డింగు ఆపడం మరిచిపోయారు. తర్వాత చాలాసేపు ఫ్యాన్ ఒక్కటే, దూదిలో ముక్కు మూసుకుపోయి గస పోస్తూ. నాకు కావలసిందే అది. గుర్తు పెట్టుకుని, ఆపబోతుంటే చెప్పుల చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చారు. కాసేపు ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తిప్పి చూస్తున్నారని నాకు తెలుసు. అప్పుడు చాలా మెల్లగా, మైకుకు అతి దగ్గరగా ఆయన గొంతు.

"ఇంక ఉరుకుతనే ఉన్నవా? అలసినవ్ లే. నేను సుత అలసిన. ఎవరికి జెప్పకు."

ఆ తర్వాత పుస్తకం తెరిచిన చప్పుడు. "రెండవ విభాగము," అని ఎప్పటిలాగే అచ్చు తెలుగులో మొదలుపెట్టారు.

ఆదివారందాకా ఆగకుండా, సెలవు పెట్టి, స్కూలు నడిచే రోజునే పెబ్బేరు వెళ్ళాను. సంతకు వెళ్ళే రైతులతో, పలుపుతాళ్ళతో బస్సు నిండిపోయింది. స్కూల్లో ఆత్మకూరు అమ్మాయి తరగతి బయట నిలబడ్డాను. పిల్లలందరి కుడిచేతులూ బల్లల మీద బోర్లా ఉన్నాయి. "మా ఊరు యాడున్నది టీచర్?" అని ఒక పిల్ల అరుస్తోంది. "నువ్వే ముట్టి చెప్పు," అంటోంది ఆమె.

విరామం గంట కొట్టాక వరండాలో కూర్చున్నాం. ఆ ఫైలు సంగతి ఎలా ఎత్తాలో తెలియక, పాఠాలు శుభ్రం చేస్తున్నానని మొదలుపెట్టాను. చప్పుడు బాగానే పోతోందని చెప్పాను.

"ఆ సప్పుడు నాకు ఎన్నడు అడ్డం కాలే అన్నా," అంది.

"మరి తలనొప్పి లేస్తున్నదని సీడీలు వాపస్ ఇచ్చినవ్ గద?"

ఆమె బల్ల అంచు మీద వేళ్ళు నడిపిస్తూ ఉంది.

"బస్సులల్ల చదివిన, పెండ్లి ఇండ్లల్ల చదివిన, మా ఇంట్ల టీవీ పక్కన కూసోని చదివిన. ఫ్యాన్ ఏం జేస్తది నన్ను? ఒక సీడీ చివర సార్ దానితోని ఒక మాట చెప్పిండు. నువ్వు సుత విన్నట్టున్నవ్, గందుకే గింత దూరం వచ్చినవ్. విన్నంక నాకు రెండు రోజులు అన్నం పోలే. చదవకుండ్రి సార్ అంటే వింటడా? మిషన్ ఖరాబైంది, బాగు చేయించుండ్రి అంటెనన్న కొన్ని రోజులు గొంతుకు రెస్ట్ దొరుకుతది అనుకున్న."

"ఆయన నన్ను పిలిచిండు."

"పిలిచిండు. బాగు చేయించి, మొదటికెల్లి మళ్ళ చదివిండు." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నా పరీక్ష నేను రాసిన గని, అన్నా, ఆయనకు రెండుసార్లు పెట్టిన."

అమ్మ చెప్పిన మాట ఆమెకు చెప్పాను. గొంతుతో కాదు, గుండెతో పోయారని. ఆమె తల ఊపింది. తెలుసో, అప్పుడే తెలిసిందో నాకు అర్థం కాలేదు.

"సార్‌కు ఎన్నడన్న చెప్పినవా, విన్నవని?"

"ఎవరికి జెప్పకు అన్నడు గద. నేను జెప్పలే."

గంట మళ్ళీ కొట్టారు. ఆమె లేచి, గోడను వేలికొసతో తాకుతూ తరగతి వైపు నడిచింది. ఎడమచేయి వెనక్కి పెట్టుకుంది, చాక్‌పీసు ఉన్నట్టే వేళ్ళు ముడిచి. ఆయన నడకను ఆమె ఎన్నడూ చూడలేదు. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అన్నా, ఉప్పునుంతల పిల్లగానికి ఆ ఒక్క ముక్క పంపకు."

పంపలేదు. మిగతా పాఠాలన్నీ గాలి లేకుండా వెళ్ళాయి. ఆ ముక్కలోని ఫ్యాన్ చప్పుడును నమూనాగా వాడుకున్నాను, మాటను నా దగ్గరే ఉంచుకున్నాను. ఈ నాలుగు పేజీలు రాయవచ్చా అని ఆమెను ఫోనులో అడిగితే, "రాయి, గని ఆయన మాట సగమన్న నిలబెట్టు," అంది. అందుకే ఆయన పేరు ఇక్కడ రాయలేదు.